వంగపండు పాట : పాఠము, గతి, వారసత్వము

జానపదగేయమునకు కర్త యుండడనియు, కర్త తెలిసిన గేయము జానపదము కానేరదనియు మన లక్షణగ్రంథములలో ఒక మాట స్థిరపడియున్నది. దంపుళ్ళపాటకు, ఏతముపాటకు, జోలపాటకు ఈ లక్షణము చక్కగా సరిపోవును. వానికి కర్త యెవరని అడుగువారు లేరు. అడిగినను చెప్పగలవారు లేరు. కాని 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ఉత్తరాంధ్రమున పుట్టిన కొన్ని పాటలు ఈ లక్షణమునకు లొంగవు. వానికి కర్త కలడు. ఆ కర్త పేరు, ఊరు, చేసిన పని మనకు తెలియును. అయినను ఆ పాటలు కర్తను దాటి జనులలో కలిసిపోయినవి. పాడువారిలో పెక్కుమందికి అవి ఎవరు కట్టినవో తెలియదు. వంగపండు ప్రసాదరావు పాటలు ఇట్టివానిలో మొదట లెక్కింపదగినవి.

ఈ పాటల విషయమున మూడు ప్రశ్నలు పరిశీలింపదగియున్నవి. వీని పాఠమును మనము ఎట్లు అచ్చువేయవలెను? వీని గతి యెట్టిది? వీని వారసత్వము ఎవరిది? ఈ ప్రశ్నలు నాకు పుస్తకములనుండి పుట్టలేదు. నేను చేసిన ఒక తప్పునుండి పుట్టినవి. కొన్నియేండ్ల క్రిందట తరగతి ఉపయోగార్థము కొన్ని ఉద్యమగేయములను సంకలనము చేయుచు, వంగపండు ప్రసిద్ధగేయమైన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అను దాని పల్లవిని 'వెళ్దాము వస్తావా' అని సవరించి ప్రతులు తీయించితిని. మాండలికరూపము ఇతర జిల్లాల విద్యార్థులకు అడ్డగునని నా తలంపు. పార్వతీపురము ప్రాంతమునుండి వచ్చిన ఒక విద్యార్థిని చదువుమంటిని. అతడు పల్లవియొద్దనే తడబడి, కాగితమును బల్లపై పెట్టి, బల్లమీద చేతితో దరువు వేయుచు పాటను తన నోటనున్నట్లు పాడెను. పాడి, "మాస్టారూ, ఇది పాట కాదండి, పాటకి మీరు రాసిన అర్థం" అనెను. ఆ మాటలో నింద లేదు. కాని దానిలోని సత్యమును నిరూపించుటకు నాకు చాలకాలము పట్టినది. ఈ వ్యాసము ఒకవిధముగా ఆ సవరణకు సవరణము.

1. దేశము, కాలము

వంగపండు 1943వ సంవత్సరము జూన్ నెలలో పార్వతీపురము చెంతనున్న పెదబొండపల్లిలో జన్మించెను. నాడది మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లా. 1950లో ఆ ప్రాంతము క్రొత్తగా ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలోనికి, 1979లో విజయనగరము జిల్లాలోనికి వచ్చినది. ఆయన మరణించిన పిమ్మట 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. పరిపాలనపు ఎల్లలు ఇన్నిమారులు మారినను పాటల ఎల్లలు మారలేదు. గొల్లలు రొమ్మున రేకుతప్పెట కట్టుకొని, కాళ్ళ గజ్జెలు ఘల్లుమన ఆడు తప్పెటగుళ్ళు, తీగ మీటి పలికించు జముకుతో నడచు జముకులకథ, మద్దెల ప్రాణమైన తూర్పుభాగవతము, మన్యమున చేయిచేయి పట్టి ఆడు థింసా: ఈ నాలుగును ఆయన చెవికి బాల్యమునుండియు అందుబాటులో నుండినవి.

ఈ ప్రాంతమునకు మరియొక సంప్రదాయము కూడ కలదు. దానిని ధిక్కారగేయ సంప్రదాయమని పిలువవచ్చును. శ్రీకాకుళ ప్రాంతమున పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనమును నిరసించిన పాటకై చెరసాలకు పోయెను. 1967 అక్టోబరు 31న లేవిడిలో జరిగిన కాల్పులలో ఇరువురు గిరిజనులు మరణించుటతో శ్రీకాకుళ రైతాంగ పోరాటము క్రొత్తదశకు చేరెను. జముకులకథను ఆ పోరాటమునకు వాహికగా చేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించెను. 1972లో జననాట్యమండలి ఆవిర్భవించినపుడు గద్దరుతోపాటు వంగపండు దానికి మూలస్తంభములలో ఒకడయ్యెను. కనుక ఆయన పాట ఆకాశమునుండి ఊడిపడినది కాదు. జముకు నేర్పిన బాణి ఒకటి, చెరసాల నేర్పిన ధైర్యము మరియొకటి, ఈ రెంటి కలయికనుండి అది పుట్టెను.

మూడవ అంశమొకటి కలదు. విమర్శకులు దానిని తగినంతగా గమనింపలేదని నా అభిప్రాయము. వంగపండు విశాఖపట్టణములోని హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడు. విశాఖ రేవు 1933లో నౌకలకు తెరువబడినది. షిప్‌యార్డు 1941లో ప్రైవేటు సంస్థగా మొదలై, 1952లో అధికభాగము, 1961లో పూర్తిగ ప్రభుత్వపరమైనది. పిమ్మట ఉక్కు కర్మాగారము: 1966లో దానికై ఆందోళనము చెలరేగినది, 1971లో శంకుస్థాపనము జరిగినది, 1992లో అది జాతికి అంకితమైనది. అంతకుముందు పొట్టకూటికై రంగూనునకు, ఖరగపురమునకు పోయిన ఉత్తరాంధ్రజనము ఈ పరిశ్రమలతో విశాఖకు రాసాగినది. వీరు తమ మాటను, బాణిని వెంట తెచ్చుకొనిరి. వంగపండును ఇట్లు వచ్చినవారిలో ఒకడు. పల్లెపాట ఇనుముచప్పుడును ఎదుర్కొనిన చోటు విశాఖ. వంగపండు పాటలోని విశేషము ఈ ఎదుర్కొనుటనుండియే పుట్టినదని నేను భావించుచున్నాను.

2. ఒక పోలిక

ఈ విషయము స్పష్టమగుటకు అమెరికా దేశపు బ్లూస్ గాయకుడొకని చరిత్రను ప్రక్కన నిలిపి చూతము. మడ్డీ వాటర్స్ అని లోకము పిలిచిన మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ మిసిసిపీ రాష్ట్రమున పత్తితోటల నడుమ పెరిగినవాడు. 1941లో అలాన్ లోమాక్స్ మొదలగు పరిశోధకులు అమెరికా జాతీయ గ్రంథాలయము తరపున ఆ తోటలకు పోయి ఆతని పాటలను రికార్డు చేసిరి. తన గొంతును తాను యంత్రమునుండి వినినప్పుడు తాను గాయకుడనని ఆతనికి నమ్మకము కుదిరెను. 1943లో, అనగా వంగపండు పుట్టిన సంవత్సరముననే, ఆతడు తోటను విడిచి షికాగో నగరమునకు పోయెను. 1910 మొదలు 1970 వరకు దక్షిణమునుండి ఉత్తర, పశ్చిమ నగరములకు తరలిన నల్లజాతివారు సుమారు 60 లక్షలు. ఆతడు వారిలో ఒకడు. పగలు కాగితపు మిల్లులోను, లారీ నడపుటలోను పనిచేసి, రాత్రులు పానశాలలలో పాడెను. అచ్చటి రొదలో పల్లెగిటారు వినబడదు. అందుచే విద్యుత్తుతో పలుకు గిటారును చేపట్టెను. బాణి పల్లెటూరిది, ధ్వని నగరముది. ఈ కూడిక షికాగో బ్లూస్ అను పేర లోకమును చుట్టివచ్చెను. 1950లో ఆతడు పాడిన ఒక పాటనుండియే 1962లో ఇంగ్లండున ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరు తీసికొనెను. 1983 ఏప్రిల్ 30న ఆతడు మరణించునాటికి లోకమున రాక్ సంగీతము పాడు యువకులలో ఆతని ఋణము లేనివారు అరుదు.

పోలిక ఎంతవరకు నిలుచును? రెండు విషయములలో నిలుచును. మొదటిది, ఇరువురును పొలమునుండి పరిశ్రమనగరమునకు పాటను తెచ్చినవారు. రెండవది, ఇరువురి పాటకును పిలుపు, జవాబు అను నిర్మాణమే వెన్నెముక. బ్లూస్ గేయమున సాధారణముగ మొదటి పాదము రెండవమారు వచ్చును, మూడవ పాదము వానికి సమాధానము చెప్పును. పాదము ముగిసిన ఎడములో గిటారు జవాబు పలుకును. మన జముకులకథయందును బుఱ్ఱకథయందును ఈ జవాబు వంతపాడువారిది. వంగపండు పాటలో వంతపాడువారు వేదికమీదివారు మాత్రమే కారు. రెండవ చరణమునకే సభ యంతయు వంతయగును.

ఒక విషయమున పోలిక నిలువదు. దానిని దాచుట విమర్శధర్మము కాదు. బ్లూస్ గేయమున మాటాడునది 'నేను'. ప్రియురాలు విడిచిపోయినది, రైలు వెళ్ళిపోయినది, నేను ఒంటరినైతిని అను ధోరణి అది. దాని వెనుక ఒక జాతి బాధ యంతయు కలదు. కాని అది ఒక మనిషి నోట, ఒక మనిషి బాధగానే పలుకును. వంగపండు పాటలో మాటాడునది 'మనము'. ఈ భేదము రాజకీయమునకు సంబంధించినదే కాక భాషకు సంబంధించినది కూడ. ఆంగ్లమున మేము, మనము అను రెంటికిని ఒకే మాట. తెలుగున ఎదుటివానిని చేర్చుకొను మాట వేరు, విడిచిపెట్టు మాట వేరు. వంగపండు ఈ సౌలభ్యమును ఎట్లు వాడుకొనెనో ఆ పాట శీర్షికయందే చూడవచ్చును.

3. పాఠము, గతి

'ఎల్దమొస్తవ' అను రూపమును పరిశీలింతము. శిష్టవ్యవహారములో ఇది 'వెళ్దాము, వస్తావా'. ఉత్తరాంధ్రవ్యవహారమున 'వె' అను పదాదివర్ణము 'ఎ' యగును. ళకారము లకారమగును. అట్లే 'వస్తావు' లోని వకారము పోయి 'ఒ' నిలుచును. పదమధ్యదీర్ఘము హ్రస్వమగును. ఇప్పుడు 'ఎల్దము', 'ఒస్తవ' అను రెండు పదములు మిగిలినవి. మొదటిది ఉకారాంతము, రెండవది అజాది. ఉత్తునకు అచ్చు పరమైనది కావున సంధి జరిగి 'ఎల్దమొస్తవ' అయినది. శిష్టరూపమున రెండవపదము హల్లుతో మొదలగుటచే ఈ సంధికి అవకాశమే లేదు. అనగా మనము అపభ్రంశమని తలచిన రూపము సూరి వ్యాకరణము చెప్పిన సంధికి లోబడినది. మనము దిద్దిన రూపము దాని కెడమే ఇయ్యలేదు. గ్రామ్యమునకు నియమము లేదనువారికి గిడుగు రామమూర్తి చెప్పిన సమాధానమునకు ఇది చక్కని ఉదాహరణము కాగలదు.

ఇక గతి. 'ఏం' గురువు. 'పి' ద్విత్వమునకు ముందుండుటచే గురువు. 'ల్ల' లఘువు. 'డో' గురువు. మొత్తము 7 మాత్రలు. 'ఎల్దమొస్తవ' లో గురువు, లఘువు, గురువు, లఘువు, లఘువు. ఇదియు 7 మాత్రలు. మొదటి సగము 4, 3గా విరుగును. రెండవ సగము 3, 4గా విరుగును. రెండు సగములును అద్దములో ప్రతిబింబమువలె ఎదురెదురుగ నిలుచును. కొన్ని ప్రతులలో చివరి అక్షరము దీర్ఘముగ కనబడును. పాడునప్పుడు కూడ అది సాగును. పాదాంతమున ఇట్టి సాగుదల గేయములకు సహజమే కనుక గతికి భంగము లేదు. ఇప్పుడు నా సవరణమును కొలుతము. 'వెళ్దాము వస్తావా' అనుచోట మాత్రలు 11. ఏడింటి స్థానమున పదునొకండు పెట్టితిని. ఆ విద్యార్థి తడబడుటకు కారణమిదియే. ఆతని నాలుక ఛందోభంగమును నాకంటె ముందుగ గుర్తించెను.

14 మాత్రల ఈ మిశ్రగతి మనకు క్రొత్తది కాదు. గురజాడ 1910లో 'ముత్యాలసరములు' వ్రాసినపుడు 3, 4 మాత్రల గణములతో 14 మాత్రల పాదమును కూర్చెను. వంగపండు గురజాడనుండి దీనిని గ్రహించెనని చెప్పుటకు ఈ లెక్క చాలదు. నేను అట్లు చెప్పను. ఇరువురును ఒకే నేలపై వినిపించు నడకను విని యుండవచ్చునని మాత్రము ఊహింపవచ్చును. ఈ ఊహకు మరియొక దిక్కునుండి బలము చేకూరుచున్నది. 1966 ఆందోళనమున వీథులలో మ్రోగి నేటికిని వినబడుచున్న 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అను నినాదమును కొలిచి చూడుడు. 'విశాఖ' 4, 'ఉక్కు' 3. 'ఆంధ్రుల' 4, 'హక్కు' 3. ఏడును ఏడును పదునాలుగు. జనసమూహము నడచుచు అరచుటకు పుట్టిన మాట మిశ్రగతిలో పడినది. 'యంత్రమెట్టా నడుస్తు ఉందంటే' అను వంగపండు గేయపు మొదటి మాటలును 3, 4గానే విరుగును. ఈ గతి ఉత్తరాంధ్రగేయములలో ఎంత విరివిగ కలదో లెక్కించి చూపుట పరిశోధకవిద్యార్థులు చేపట్టదగిన పని.

అర్థము విషయమునకు వత్తము. 'ఎల్దము' అనగా మనమిరువురము పోవుదము. ఎదుటివాడు అప్పుడే అందులో చేరియున్నాడు. వెంటనే 'ఒస్తవ' అని ప్రశ్న. చేరియున్నవానిని మరల వచ్చెదవా అని అడుగుటలో తర్కము లేదు, కాని జీవితమున్నది. నీవు నావాడవని నిశ్చయించుకొంటిని, అయినను నీ నోట అవునన్న మాట వినవలెను అను భావము ఆ ఒక్క సంధిలో ఇమిడియున్నది. 'పిల్లడో' అను పిలుపు యువతీయువకులు ఒకరినొకరు కవ్వించుకొను సరసగేయముల ధోరణిది. జాతరకో, తోటకో రమ్మని పిలుచు బాణిలో కవి పోరాటమునకు పిలిచెను. శృంగారగేయపు చనువు చెడలేదు, పిలుపు గౌరవమును తగ్గలేదు. ఆజ్ఞాపించు నాయకుని కంఠము ఇచట వినబడదు. రానని చెప్పుటకు ఎదుటివానికి ఎడము కలదు. ఆ రాజకీయములతో ఏకీభవింపనివారును నేటికి ఈ పాటను పాడుకొనుటకు ఈ ఎడమే కారణమని నా విశ్వాసము.

4. యంత్రము, పాట

వంగపండు పాటలలో కార్మికజీవితమును స్పృశించినవానిని వేరుగ గమనింపవలసియున్నది. మన ఆధునికకవిత్వమున యంత్రము చాలకాలము ప్రతీకగనే యుండినది. విశాఖలోనే పుట్టి పెరిగిన శ్రీశ్రీ 'మహాప్రస్థానము'న శ్రామికుని చెమటకు కావ్యగౌరవము కల్పించెను. అది సాటిలేని కార్యము. కాని ఆ గీతములలో శ్రామికుని గూర్చి కవి చెప్పును. వంగపండు పాటలో యంత్రము ఎట్లు నడచునో నడపువాడే చెప్పును. శీర్షికలోని 'ఎట్టా', 'అంటే' అను రెండు మాటలు గమనింపదగినవి. ఇవి కథకుని మాటలు. ప్రక్కనున్నవానికి పని నేర్పు పెద్ద పనివాని మాటలు. కావ్యభాషలో ఆశ్చర్యార్థకము ఉండు చోట ఇచట వివరణము కలదు. పత్రికలు నౌకానిర్మాణ కేంద్రమని వ్రాయును. అందు పనిచేయువాడు షిప్‌యార్డు అనును. ఈ రెండవవాని నోటనుండి పాట కట్టిన కవి మనకు అరుదు.

భూమి సమస్యపై ఆయన కూర్చిన 'భూమి భాగోతము' పేరునందే ఆయన పద్ధతి తెలియుచున్నది. 'భాగవతము' పవిత్రకథ. 'భాగోతము' జనులు ఆడుకొను ఆట. లోకమున అదే మాటకు 'బయటపడిన గుట్టు' అను వ్యంగ్యార్థమును కలదు. మూడర్థములను ఒక్కమాటలో పట్టి నిలిపినవానికి పదశక్తి తెలియదని ఎవరనగలరు?

గుణములను చెప్పి దోషములను విడుచుట విమర్శ కాదు. వంగపండు పాటలన్నియు ఒకే స్థాయివి కావు. సభకొఱకు, సందర్భముకొఱకు కట్టిన పాటలలో పేర్ల పట్టికలు పెరిగి, దృశ్యము తరిగినది. దుర్మార్గుడెవడో మొదటి చరణమునకు ముందే నిశ్చయమైన పాటలో వినువాడు క్రొత్తగ తెలిసికొనునదేమియు ఉండదు. దరువు నడిపించినంత దూరము పాట నడచును, దరువు ఆగినపుడు పాటయు ఆగును. ఈ దోషము ఆయన ఒక్కనిది కాదు, ఉద్యమగేయములన్నిటికిని పొంచియున్న ప్రమాదము. బ్లూస్ గేయము ఒంటరి మనిషి బాధను విడువనందున నినాదము కాకుండ తప్పించుకొనెను, కాని పెక్కుచోట్ల నిరాశలో చిక్కుకొనెను. వంగపండు పాట నిరాశను తప్పించుకొనెను, కాని కొన్నిచోట్ల నినాదములో చిక్కుకొనెను. ఆయన మేలైన పాటలు ఈ రెండు గుంటల నడుమనున్న సన్నని గట్టుపై నడచినవి.

5. వారసత్వము

1986లో వచ్చిన 'అర్ధరాత్రి స్వతంత్రం' చలనచిత్రముతో వంగపండు పాట ఉద్యమసభలు దాటి తెలుగుదేశమంతట వ్యాపించెను. 2010లో ఒక చలనచిత్రము 'ఏం పిల్లో ఏం పిల్లడో' అను పేరుతోనే వెలువడినది. అప్పటికి ఆ పిలుపు ఎచ్చటినుండి వచ్చినదని అడుగువారు తగ్గిరి. 2017లో రాష్ట్రప్రభుత్వము కళారత్న పురస్కారముతో ఆయనను గౌరవించెను. 2020 ఆగష్టు 4న పార్వతీపురమున ఆయన మరణించెను. 2023 ఆగష్టు 6న గద్దరు మరణించెను. ఆ తరపు రెండు పెద్దగొంతులు మూడేండ్ల ఎడములో ఆగిపోయినవి. వంగపండు కుమార్తె ఉష గాయనిగ ఆ సంప్రదాయమును కొనసాగించుచున్నది.

ఈ పాటల వారసులెవరు అను ప్రశ్న ఇప్పుడు ముందునకు వచ్చుచున్నది. అమెరికాలో ఈ ప్రశ్న న్యాయస్థానమువరకు పోయినది. మడ్డీ వాటర్స్ కొఱకు విల్లీ డిక్సన్ వ్రాసిన పాట 1962లో రికార్డుగా వచ్చినది. దానినుండి మాటలు గ్రహించి లెడ్ జెపెలిన్ అను ఆంగ్లబృందము 1969లో ఒక పాట పాడి మిక్కిలి కీర్తి గడించెను. డిక్సన్ 1985లో వ్యాజ్యము వేసెను. 1987లో రాజీ కుదిరెను. కాని ఇచట ఒక చిక్కు కలదు. డిక్సన్ గాని, మడ్డీ వాటర్స్ గాని తమ బాణులను, పలుకుబళ్ళను పత్తితోటల ఉమ్మడిసొత్తునుండి గ్రహించినవారే. వంగపండును అంతే. గొల్లల తప్పెటనుండి, జముకునుండి, పొలములో వంగి నాట్లు వేయు స్త్రీల నోటనుండి ఆయన బాణులు తెచ్చుకొనెను. మరి ఆయన చేసినదానికిని, చలనచిత్రము చేసినదానికిని భేదమేమి?

భేదము కలదని నా సమాధానము. ఉమ్మడిచెరువునుండి నీరు తోడుకొన్నవాడు పొలము పండించి గింజను ఊరికి పంచినచో చెరువు తరుగదు. నీరు తోడి కంచె వేసినచో తరుగును. వంగపండు గ్రహించిన బాణి ఆయన మాటతో కూడి మరల అదే జనుల నోటికి చేరెను. ఎవరైనను పాడవచ్చును, మార్చవచ్చును, చరణము చేర్చవచ్చును. వినోదపరిశ్రమ గ్రహించినపుడు పిలుపు మిగిలినది, పిలిచినవాడు మాయమయ్యెను. 'ఎల్దము' అనుమాట వినబడుచున్నది, ఎచ్చటికి అను ప్రశ్న పోయినది.

చలనచిత్రమును తప్పుపట్టుట సులభము. మన సంగతి యేమి? విశ్వవిద్యాలయములు కూడ ఈ చెరువునుండి తోడుకొన్నవే. బిరుదురాజు రామరాజుగారు 1950ల దశకములో తెలుగు జానపదగేయములపై మార్గదర్శకమైన పరిశోధనము చేసిననాటినుండి ఎందరో ఈ పాటలపై పట్టములు పొందిరి. ఆ పట్టములవలన మాకు ఉద్యోగములు వచ్చినవి. పాడినవారి పేర్లు అనుబంధములలోనైన మిగిలెనా? పాఠము వారి నోటనున్నట్లు అచ్చయ్యెనా? నేను ఆ పల్లవిని దిద్దినపుడు చేసిన పని చలనచిత్రము చేసినదానికి మిక్కిలి దూరమైనది కాదు. వారు పాటను సంతకు సరిపడునట్లు దిద్దిరి, నేను తరగతికి సరిపడునట్లు దిద్దితిని. ఇరువురము పాటనుండి ఊరును తీసివేసితిమి.

కావున ఉద్యమగేయముల సంపాదనమున కొన్ని నియమములు పాటింపవలెనని సూచించుచున్నాను. మాండలికరూపమును మూలపాఠముగ నుంచి, శిష్టరూపమును అవసరమైనచో అర్థవివరణమున ఈయవలెను. అచ్చుప్రతిని పాడిన ప్రతితో సరిచూడనిదే పాఠము నిర్ణయింపరాదు. పాఠాంతరములను దోషములుగ గాక సాక్ష్యములుగ పరిగణింపవలెను. ఒక చరణము బొబ్బిలిలో ఒకరీతిని, గాజువాకలో మరొకరీతిని పాడబడినచో ఆ భేదమే పాట ప్రయాణమునకు గుర్తు. బాణి ఏ కళారూపమునుండి వచ్చినదో తెలిసినంతమేరకు నమోదు చేయవలెను. కర్త పేరుతోపాటు పాడినవారి పేరు, చోటు, తేదీ వారి అనుమతితో వ్రాసికొనవలెను. 1941లో మిసిసిపీ పత్తితోటకు పోయిన పరిశోధకులు ఆ గాయకుని గొంతును ఆతనికే వినిపించిరి. పాట తీసికొన్నచోటికి పాటను తిరిగి ఇచ్చుట పరిశోధనలో భాగమని దీనినుండి గ్రహింపవలెను.

ఈ పనికి కాలము ఎక్కువగ లేదు. 1970, 1980 దశకముల సభలలో వంతపాడినవారు నేడు ముదుసలులు. నాటి క్యాసెట్లలో పెక్కింటి టేపులు అతుకుకొనిపోవుచున్నవి. తరగతిలో కూర్చున్న విద్యార్థుల ఇండ్లలోనే ఈ పాటలు వినిన తాతలు, అమ్మమ్మలు కలరు. మనము వారిని అడుగుటయే ఆలస్యము.

నేను దిద్దిన ఆ ప్రతి నేటికిని నా బల్లసొరుగులో కలదు. ప్రతి సంవత్సరము గేయఛందస్సు మొదలుపెట్టునాడు దానిని, మూలపాఠమును ప్రక్కప్రక్కన పెట్టి మాత్రలు లెక్కింపుమని విద్యార్థుల కిచ్చుచున్నాను. తప్పు ఎచ్చటనున్నదో వారు చప్పున కనుగొందురు. ఈ పరిశీలనమున నేను పొరపడిన తావులున్నచో విజ్ఞులు అట్లే చూపుదురుగాక.